నిదానం

తెలుగులో ‘నిదానం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. వైద్యంలో నిదానమంటే రోగానికి మూలకారణం, దాన్ని నిర్ణయించే విద్య. మాధవకరుని ‘మాధవనిదానం’ కేవలం ఈ విద్య కోసమే పుట్టిన గ్రంథం. ఇక వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఒదిగి ఉండడంలోని ఔచిత్యాన్ని నాకు నిఘంటువు కంటే 1974 నాటి ఒక ఫియట్ కారు బాగా బోధపరచింది.

ఆ కారు మా నాన్నగారిది. బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964 నుంచి ఈ ఆకృతిలో తయారుచేశారు. కాలక్రమంలో ‘పద్మిని’ అన్న పేరు వచ్చినా, మా వైపు అందరూ చివరిదాకా దాన్ని ఫియట్టనే పిలిచారు. 1089 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, సుమారు 40 అశ్వశక్తి, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ. 2001 నాటికి దీని ఉత్పత్తి ఆగిపోయింది. అంబాసిడర్ అధికారుల బండి, ఫియట్ డాక్టర్లదీ ప్లీడర్లదీ అని అప్పట్లో ఒక లెక్క ఉండేది. ఆ రెండూ కాని మా నాన్నగారు దాన్ని 1983లో సెకండ్ హ్యాండులో కొన్నారు.

2024లో ఆ బండికి జబ్బు చేసింది. లక్షణాలివి. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను నిలకడగా తిరగదు. ఊగిసలాడి ఒక్కోసారి ఆగిపోతుంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కార్బ్యురేటర్‌లోంచి ఫట్టుమని తుమ్ముతుంది. విజయవాడలో ముగ్గురికి చూపించాను. ఒకరు బానెట్ తీయకుండానే, “ఇంజను దించాల్సిందేనండీ, బోరు అరిగింది” అన్నారు. ఇంకొకరు కార్బ్యురేటర్ పీకి మరో కారుది పెట్టేద్దామన్నారు. మూడో ఆయన మరీ ఉదారంగా, ఈ ఇంజను మొత్తం తీసేసి వేరే ఇంజను ఎక్కిస్తే ఏసీ కూడా బిగించుకోవచ్చని సలహా ఇచ్చారు.

మూడో సలహా వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండిన వాహనాలకు ‘వింటేజ్’ హోదా కల్పించింది. దానికొక షరతు ఉంది: ఛాసీలో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా వాహనం అసలు రూపంలో ఉండాలి. మా బండికి ఆ యాభై ఏళ్ళు నిండింది సరిగ్గా ఆ ఏడాదే. ఇంజను మార్చిన మరుక్షణం అది వింటేజ్ వాహనం కాకుండా పోతుంది. పాత తొడుగు వేసుకున్న ఏదో ఒక కారవుతుంది. కనుక రోగమేమిటో తేలకుండా శస్త్రచికిత్సకు ఒప్పుకోదలచలేదు.

ముందుగా కార్బ్యురేటర్ చేసే పనేమిటో చెప్పుకోవాలి. పంటకాలువ తూము దగ్గర ఇరుకైనప్పుడు నీటి వడి పెరగడం మనం చూసినదే. గాలి కూడా అంతే. ఇంజను పీల్చే గాలి కార్బ్యురేటర్ గొంతులోని ఇరుకైన చోట వడి పెంచుకుంటుంది. వడి పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనం పక్కనున్న ఫ్లోట్ గదిలోని పెట్రోలును సన్నని చిల్లు గుండా పైకి లాగి తుంపరగా చిమ్ముతుంది. పూర్వం దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపులోని సూత్రమే ఇది. ఆ చిల్లున్న చిన్న ఇత్తడి ముక్కనే జెట్ అంటారు. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలి ఎక్కువైతే తుమ్ములు, పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ. కార్బ్యురేటర్‌కు మెదడు లేదు. గాలి లాగినంత పెట్రోలు ఇవ్వడమే దానికి తెలుసు. మా బండిలో ఉన్నది సోలెక్స్ రకం.

చిక్కంతా ఎక్కడుందంటే, ఇంజనులో ఏ మూల లోపమున్నా అది కార్బ్యురేటర్ లోపంలాగే కనబడుతుంది. పాయింట్లు కాలినా, కండెన్సర్ పోయినా, వాల్వు సరిగా మూసుకోకపోయినా, ఎక్కడో ప్యాకింగ్ చిరిగి దొంగగాలి చొరబడినా, బండి నడిపేవాడికి తెలిసేది ఒకటే: “పికప్ లేదు, మిస్సింగ్ కొడుతోంది.” చేతికందేటట్టు పైనే ఉన్న స్క్రూలు కార్బ్యురేటర్‌వి. కనుక అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. ఒక స్క్రూ తిప్పాక బండి కాస్త బాగుపడితే రోగం దొరికిందనుకుంటారు. నిజానికి ఒక లోపాన్ని ఇంకో లోపంతో కప్పిపుచ్చడమే జరిగి ఉండవచ్చు. జ్వరం తగ్గడానికి మాత్ర వేస్తే జ్వరం తగ్గుతుంది. అది ఎందుకొచ్చిందో మాత్రం తెలియదు.

నాలుగో మనిషిగా ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ గారు దొరికారు. డెబ్బయ్యేళ్ళు దాటాయి. షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు. ఆయన ఒక మూల కుర్చీలో కూర్చుంటారు. బండి స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విన్నారు. “చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా బాబూ? నిలబడ్డప్పుడా, ఎక్కేటప్పుడా?” అని అడిగారు. రెండు సందర్భాల్లోనూ అన్నాను. “అయితే అది ఒక జబ్బు కాకపోవచ్చు. రెండూ కలిపి ఒకటనుకోకండి” అన్నారు. పనిలో దిగే ముందు ఒక నియమం కూడా పెట్టారు: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక బండిని నడిపి చూడాలి, ఆ తరువాతే రెండోది.

ఈ దశలో ఊహించని సాయం మా నాన్నగారి నోటుపుస్తకం. కొన్ననాటి నుంచి పోసిన పెట్రోలు, తిరిగిన కిలోమీటర్లు, చేయించిన పనులు అందులో వరసగా రాసి ఉన్నాయి. ఏళ్ళ తరబడి లీటరుకు 13 కిలోమీటర్లకు అటూఇటూగా ఉన్న లెక్క చివరి రెండేళ్ళలో 10కి దిగింది. “కార్బ్యురేటర్ దించి శుభ్రం చేయించాను” అన్న వాక్యం పదకొండు చోట్ల ఉంది. మేస్త్రీ గారికి చదివి వినిపిస్తే ఆ పదకొండు దగ్గర తల పంకించారు. ఎందుకో తరువాత తెలిసింది.

మొదట ప్లగ్గులు విప్పి చూశాము. ప్లగ్గు ముక్కు ఇంజనుకు నాలుక వంటిది. కాఫీపొడి రంగుంటే ఆరోగ్యం. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ, నూనె జిడ్డు ఉంటే రింగులో వాల్వు గైడులో అరిగాయని. తెల్లగా సున్నం పూసినట్టుంటే గాలి ఎక్కువ. మావి నాలుగూ తెల్లగానే ఉన్నాయి. ఒక్కటే తెల్లగా ఉంటే ఆ సిలిండరు సంగతి వేరుగా చూడాలి. నాలుగూ ఒకే రంగులో ఉన్నాయంటే తప్పు నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది.

తరువాత కంప్రెషన్. ఇంజను వేడి మీద ఉండగా ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కొక్క రంధ్రంలో గేజీ పెట్టి సెల్ఫు తిప్పాలి. నాలుగు సిలిండర్లూ చదరపు అంగుళానికి 115 నుంచి 125 పౌండ్ల మధ్య చూపించాయి. ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, నాలుగూ దగ్గరదగ్గరగా ఉండడమూ అంతే ముఖ్యం. ఏదైనా బాగా తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూస్తారు: అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వు కూర్చోవడం లేదన్నట్టు. మాకు ఆ అవసరం రాలేదు. బోరు అరిగిందన్న తీర్పు అక్కడితో కొట్టుడుపోయింది. టాపెట్ల సందు కూడా కొలిచాము. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. సీసం ఆ కాలపు ఇంజన్లలో వాల్వు సీట్లకు కవచంలా పనిచేసేది. అది లేనప్పుడు సీటు అరిగి టాపెట్ సందు క్రమంగా తగ్గిపోవచ్చు. మా బండిలో అదీ సరిగానే ఉంది.

మూడోది నిప్పు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల సందు ఫీలర్ గేజీతో చూశాము, రోటర్ చూశాము, టైమింగ్ చూశాము. పాయింట్లు కాస్త గుంటలు పడితే కొత్తవి వేశాము. బండి నడిపితే లక్షణాల్లో ఇసుమంత మార్పు లేదు. మార్పు రాకపోవడం కూడా ఒక సమాధానమే. “కార్బ్యురేటర్ జబ్బుల్లో సగం డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉంటాయి, ఇది ఆ సగంలోది కాదు” అన్నారు మేస్త్రీ గారు, ఒక తలుపు మూసినంత తృప్తిగా.

ఇప్పుడు నిలబడినప్పటి ఊగిసలాట. స్లో స్పీడులో పెట్రోలును నియంత్రించే స్క్రూను పూర్తిగా బిగించి, ఎన్ని చుట్లు విప్పితే ఇంజను నిలబడుతుందో లెక్కించాము. ఆరోగ్యమైన బండికి ఒకటిన్నర చుట్టు చుట్టుపక్కల సరిపోవాలి; మాకు నాలుగు కావలసివచ్చింది. అంటే ఎక్కడినుంచో దొంగగాలి వస్తోంది, దానికి సరితూగేలా ఎవరో పెట్రోలు పెంచుకుంటూ పోయారు. మైలేజీ 13 నుంచి 10కి పడిపోవడంలో దీనికీ పాలుంది.

గాలి ఎక్కడ దూరుతోందో కనిపెట్టడానికి మేస్త్రీ గారు వాడిన పరికరం కుట్టుమిషను నూనెడబ్బా. ఇంజను తిరుగుతుండగా కార్బ్యురేటర్ అడుగున థ్రాటిల్ ఇరుసు బయటికి వచ్చే చోట రెండు చుక్కలు వేశారు. ఊగుతున్న ఇంజను ఒక్కసారిగా కుదుటపడింది. చప్పుడు సాఫీ అయింది. పది సెకన్లలో నూనె లోపలికి పీల్చుకుపోగానే మళ్ళీ ఊగడం మొదలైంది. ఇరుసు తిరిగే రంధ్రం యాభై ఏళ్ళలో అరిగి కోలగా అయింది. ఆ సందులోంచి గాలి వస్తోంది. పాదరసమూ, తెరలూ, అంకెలూ లేని ఇంతటి నిస్సందేహమైన పరీక్షను నేను మరెక్కడా చూడలేదు.

కార్బ్యురేటర్‌ను దించి దాని అడుగు అంచును ఒక అద్దం పలక మీద బోర్లించాము. రెండు నట్ల దగ్గర అంచు అద్దానికి ఆనుతోంది, మధ్యలో విల్లులా లేచి ఉంది. కింద ఫీలర్ గేజీ దూరింది. మెత్తని లోహం, రెండే నట్లు. దించిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా బిగిస్తే చెవులు కిందికి వంగుతాయి. నోటుపుస్తకంలోని పదకొండుకు మేస్త్రీ గారు ఎందుకు తల పంకించారో అప్పుడు బోధపడింది. అద్దం మీద ఎమరీ కాగితం పరచి, అంచును ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా రుద్ది చదును చేశాము. ఇరుసుకు లేతు మీద కొత్త బుష్షులు వేయించాము. కొత్త ప్యాకింగ్‌తో, ఒక నట్టు తరువాత ఇంకో నట్టును కొంచెం కొంచెంగా బిగించాము. ఇంజను ఒకటిన్నర చుట్టు దగ్గరే నిలబడింది. బయట కుర్చీలో కూర్చున్న మా నాన్నగారికి చూపు సరిగా ఆనదు గాని, చెవి పోలేదు. “ఇప్పుడు నాలుగూ కొడుతున్నాయి” అన్నారు.

అయినా ఫ్లైఓవర్ మీద మాత్రం పాత కథే. మేస్త్రీ గారు అది ముందే ఊహించారు. నిలబడినప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, లోపల లాగుడు బలంగా ఉంటుంది. అందుకే చిన్న సందులోంచి వచ్చే గాలి కూడా పెద్ద తేడా తెస్తుంది. ఎక్కుడులో థ్రాటిల్ బార్లా తెరుచుకుంటే లోపలి లాగుడు తగ్గిపోతుంది, ఆ సందుకు అంత ప్రాధాన్యం ఉండదు. అక్కడ తుమ్ముతోందంటే తప్పు గాలిది కాదు, పెట్రోలుది: చాలినంత అందడం లేదు. లక్షణం ఒకటే, జబ్బులు రెండు.

పెట్రోలు పంపు గొట్టాన్ని కార్బ్యురేటర్ దగ్గర ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫు తిప్పాము. మన మెకానిక్కులు దీన్ని ఏసీ పంపు అంటారు. ఎయిర్ కండిషనింగుతో దానికి సంబంధమేమీ లేదు. ధార మొదట బాగానే పడి, తరువాత సన్నబడింది. పంపు విప్పితే లోపలి రబ్బరు పొర ఉబ్బి మెత్తబడి ఉంది. ఫ్లోట్ గది అడుగున మిరియపు పొడి వంటి నల్లటి నలకలు కనబడ్డాయి. పెట్రోలు గొట్టం లోపలి రబ్బరే అలా రాలుతోంది. మెయిన్ జెట్‌లో ఒక నలక అడ్డం పడి ఉంది.

దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. పెట్రోలులో ఇథనాల్ వాటా 2022 జూన్ నాటికి దేశ సగటున 10 శాతానికి చేరింది. 20 శాతం మిశ్రమం 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చింది, 2025లో దేశం ఆ లక్ష్యాన్నీ అందుకుంది. దేశానికి దానివల్ల ఒనగూడే లాభనష్టాల చర్చ వేరు. 1974లో తయారైన రబ్బరుకు మాత్రం ఆ ద్రవంతో పరిచయం లేదు. ఇథనాల్ కొన్ని పాత రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇంకొక లెక్క కూడా ఉంది. ఒక పాలు ఇథనాల్ మండడానికి 9 పాళ్ళ గాలి చాలు. ఇరవై శాతం కలిస్తే 14.7 అన్న అంకె సుమారు 13.5కు దిగుతుంది. కొత్త కార్లలో సైలెన్సర్ గొట్టంలోని సెన్సర్ దీన్ని పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. మెదడు లేని కార్బ్యురేటర్ పాత కొలతే పోస్తుంది. అంటే అవసరమైన దానికంటే సుమారు 8 శాతం తక్కువ.

పంపు పొర, గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునే రకంవి వేశాము. జెట్‌ను గుండుసూదితో పొడవకుండా గాలి కొట్టి శుభ్రం చేశాము; ఇత్తడి మెత్తన, సూది గీత పడితే కొలత మారిపోతుంది. అప్పుడు నడిపితే బండి లాగింది, కాని ఎక్కుడు చివర ఇంకా ఒక చిన్న తడబాటు. అప్పుడు, అన్నిటికంటే చివర, జెట్ మార్చాము. సోలెక్స్ జెట్ మీది అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది: 120 అంటే 1.20 మి.మీ. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 120 బదులు 125 వేస్తే దారి సుమారు 8 శాతం వెడల్పవుతుంది. పైన చెప్పిన లోటు కూడా అంతే. వారం తిరిగాక ప్లగ్గులు తీస్తే కాఫీపొడి రంగు. ఈ జెట్టే మొదటిరోజున మార్చి ఉంటే బండి ఎంతోకొంత బాగుపడేది. నలకలూ దొంగగాలీ మరుగున పడిపోయేవి.

మొత్తానికి అయిన ఖర్చు, ఇంజను దించడానికి చెప్పిన దానిలో పదో వంతు లేదు. పట్టిన కాలం మాత్రం ఐదు వారాలు. ఏ షెడ్డూ ఒక బండికి ఐదు వారాలు ఇవ్వలేదని నాకూ తెలుసు. త్వరగా తీర్పు చెప్పినవారి మీద నాకు కోపం లేదు. వారి బాడుగలు, జీతాలు రోజుల లెక్కన నడుస్తాయి. కానీ నిదానించి చూసేవారు తగ్గిపోతున్నారన్నది నిజం. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజి-6 ప్రమాణాలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో కూడా కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది. మేస్త్రీ గారి కొడుకు మంచి పనిమంతుడే. కంప్యూటర్ తగిలించి తప్పు సంఖ్య చదువుతాడు. సంఖ్య చెప్పని ఇంజను ముందు నిలబడాల్సిన అవసరం అతనికి రాలేదు. నూనె చుక్కల పరీక్షా, అద్దం పలకా, స్క్రూ చుట్ల లెక్కా ఆ మూల కుర్చీలో కూర్చున్న మనిషి చేతుల్లో ఉన్నాయి. తెలుగులో ఎవరూ రాసిపెట్టినట్టు నాకు కనబడలేదు. అందుకే వరస తప్పకుండా ఇక్కడ రాశాను: ప్లగ్గు రంగు, కంప్రెషన్, టాపెట్లు, నిప్పు, దొంగగాలి, పెట్రోలు ధార, ఆఖరున జెట్.

ఇంకొక జబ్బు మిగిలే ఉంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండల్లో బండిని తిప్పి తెచ్చి పావుగంట ఆపితే, ఇంజను వేడికి ఫ్లోట్ గదిలో పెట్రోలు మరిగి మళ్ళీ స్టార్టు కావడానికి మొరాయిస్తుంది. ఏసీ పంపు మీద తడిగుడ్డ వేయడం పాత డ్రైవర్ల చిట్కా. అది పంపులో ఆవిరి పట్టినప్పటి మందు, ఈ మరుగుడుకు అంతగా పనిచేయదు. కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే దిమ్మె మందం పెంచి చూడమన్నారు మేస్త్రీ గారు. అది ఒక్కటే మార్చి, వచ్చే మే నెలలో చూడాలి.